బొమ్మ కదిలితే చాలదు... బతకాలి!

కార్టూన్ అంటే పిల్లల కాలక్షేపమని పెద్దల లెక్క. గీతనీ కదలికనీ పట్టిపట్టి చూసే అభిమాని లెక్క వేరు. అంజన్న, నరసన్న కొలువైన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఆ లెక్క ఇంకాస్త గట్టిది!

కోరుట్లలో ఏ ఇంట్లోనైనా కనిపించే దృశ్యమే. అమ్మ ఒళ్లో బీడీల చాట. ఎదురుగా టీవీలో పిల్లి ఎలుక వెంట పడుతుంటుంది. ‘గదే పిల్లి, గదే ఎలుక... ఎన్నిమాట్ల జూస్తవ్ బిడ్డా’ అని అమ్మ విసుక్కుంటుంది. ఆమె పొరబడేది అక్కడే. అది ‘గదే పిల్లి’ కాదు. టామ్ ఒక్కడు కాదు, తక్కువలో తక్కువ ముగ్గురున్నారు!

1940లో ఎంజీఎం స్టూడియోలో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా పుట్టించిన టామ్ మొదటివాడు. పెనం దెబ్బ తగిలితే మొహం పెనంలా మారిపోతుంది, నీళ్ల గొట్టంలో దూరితే ఒళ్లు గొట్టమైపోతుంది. అయినా మరుక్షణం పిల్లిగానే లేచి నిలబడతాడు. వీడి పుణ్యమాని ఆ చిత్రాలకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. 1961-62ల్లో జీన్ డైచ్ బృందం ప్రాగ్ నగరంలో కూర్చుని 13 చిత్రాలు తీసింది. అందులోని టామ్ రెండోవాడు. గీత గరుకు, నడక కుదుపు, చప్పుళ్లన్నీ బావిలోంచి వచ్చినట్టుంటాయి. ఇక 1963 నుంచి 67 దాకా చక్ జోన్స్ తీసిన 34 చిత్రాల్లో మూడోవాడు. కనుబొమలు దట్టం. ఒక్క కనుబొమ పైకెత్తితే చాలు, వాడి మనసులో కుట్ర ఏమిటో మనకు తెలిసిపోతుంది.

పేర్లు పడేలోపే ‘ఇది ప్రాగ్ టామ్’ అని చెప్పేవాడే అసలు సిసలు అభిమాని. అలాంటి గడుగ్గాయి ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. పిల్లవాడే కానక్కర్లేదు. 1990ల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో మోగ్లీ కోసం కాచుక్కూర్చున్నవాళ్లంతా ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. అడవి మన దేశానిదే అయినా ఆ బొమ్మలు గీసింది జపాన్‌లో అని వాళ్లలో చాలామందికి పెద్దయ్యాకే తెలిసింది. నిప్పన్ యానిమేషన్ సంస్థ 1989లో తీసిన సీరియల్ అది.

పన్నెండు బొమ్మలు, ఒక మెడపట్టీ

ఇంతకీ అభిమాని ఏం చూస్తాడు? మొదట చూసేది రంగులు కాదు, బరువు. సినిమా తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. పాతకాలపు చేతిబొమ్మల చిత్రాల్లో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపేవారు కాబట్టి సెకనుకు 12 బొమ్మలతో పని నడిచేది. ఆ పన్నెండింట్లోనే బంతి నేలకు తగిలినప్పుడు కాస్త అణగాలి, లేచేటప్పుడు కాస్త సాగాలి. అలా జరక్కపోతే అది బంతి కాదు, గుండ్రటి కాగితం ముక్క. డిస్నీలో తలపండిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో చెప్పిన పన్నెండు సూత్రాల్లో మొట్టమొదటిది ఇదే. దూకే ముందు మోకాళ్లు వంచడం, ఆగాక కూడా జుట్టూ చెంగూ కాసేపు ఊగడం... ఇవన్నీ ఆ జాబితాలోవే. బతుకమ్మ ఆటలో వంగి చప్పట్లు కొట్టి లేచే ఆడవాళ్ల కొంగుల్ని గమనించండి. మనిషి ఆగిన తర్వాతే కొంగు ఆగుతుంది. ఆ ఒక్క క్షణం ఆలస్యాన్ని పట్టుకుంటే బొమ్మకు ప్రాణమొచ్చినట్టే.

మరి డబ్బు లేకపోతే? అక్కడే అసలు తెలివి. 1957లో ఎంజీఎం కార్టూన్ విభాగం మూతపడ్డాక హన్నా, బార్బెరా టీవీ బాట పట్టారు. సినిమాకిచ్చే డబ్బులో చిన్న వాటాకే ఎన్నో రెట్ల నిడివి తీయాలి. అప్పుడు పనికొచ్చిందే మెడపట్టీ. యోగి బేర్ ఒంటి మీద చొక్కా ఉండదు కానీ మెడకు కాలరూ టైయ్యూ ఉంటాయి! ఎందుకనుకున్నారు? మెడ దగ్గర గీత అడ్డంగా ఉంటే ఒంటిని అలాగే ఉంచి తలను మాత్రమే మళ్లీ గీసుకోవచ్చు. అతుకు కనపడదు. ఫ్లింట్‌స్టోన్స్‌లో పరుగెత్తే మనిషి వెనక అదే కిటికీ, అదే చెట్టు మళ్లీ మళ్లీ వచ్చేది కూడా అందుకే. పొదుపును వేషంలో కలిపేశారన్నమాట!

అందుకే తక్కువ గీతలున్న కార్టూన్‌ను తీసిపారేయడం అభిమాని ఒప్పుకోడు. షిన్‌చాన్ మొహం చూడండి. ఉబ్బిన బుగ్గ, మందపాటి కనుబొమలు, వణికినట్టుండే గీత. చేతకాక అలా గీశారా? కాదు. అల్లరి పిల్లాడి కథకు అల్లరి పిల్లాడు గీసినట్టుండే గీత ఎంచుకున్నారు. డోరెమాన్ అంతా వృత్తాలే. ఏ పిల్లాడైనా నోటుపుస్తకం చివరి పేజీలో గీసేస్తాడు. గీయగలిగే బొమ్మ మీద పిల్లలకు మమకారం ఎక్కువ. ఇక 2018లో వచ్చిన ‘స్పైడర్‌మ్యాన్: ఇంటూ ది స్పైడర్‌వర్స్’ సంగతి. కొత్తగా శక్తులొచ్చిన కుర్రాడు మైల్స్‌ను చాలాచోట్ల సెకనుకు 12 భంగిమల్లోనే కదిలించారు. పక్కనే చేయి తిరిగిన పీటర్ 24లో సాఫీగా దూకుతుంటాడు. కుర్రాడికింకా పని రాలేదని మాటల్లేకుండా చెప్పడమంటే ఇదే. కోట్ల రూపాయల కంప్యూటర్లున్నా పాత పన్నెండు లెక్కే అక్కరకొచ్చింది!

అంజన్న ముందు బొమ్మ నిలబడుతుందా?

ఇక్కడి అభిమాని గట్టివాడనడానికి మొదటి కారణం దేవుళ్లు. మనదేశంలో బాగా ఆడిన కార్టూన్ సినిమాల్లో రెండింటి నాయకుల్ని ఈ ప్రాంతం పుట్టుక నుంచీ చూస్తూనే ఉంది. జగిత్యాల జిల్లా కొండగట్టు మీద అంజన్న. అదే జిల్లా ధర్మపురిలో గోదావరి ఒడ్డున నరసింహుడు. కొండగట్టు ఆంజనేయుడికి రెండు ముఖాలు, ఒకటి ఆంజనేయుడిది, రెండోది నరసింహుడిది అని భక్తులు చెప్పుకుంటారు. ఇలాంటి చోట ఎవరో కంప్యూటర్ మీద దేవుణ్ని గీసి ‘ఇదిగో హనుమంతుడు’ అంటే ఊరుకుంటారా?

2005లో వి.జి. సామంత్ దర్శకత్వంలో ‘హనుమాన్’ వచ్చింది. పెద్ద కళాఖండమేమీ కాదు. వెనక దృశ్యాలు ఒక చేతివి, ముందు మనుషులు ఇంకో చేతివి అన్నట్టుంటాయి. కానీ బాల హనుమంతుడు సూర్యుణ్ని పండనుకుని ఎగిరినప్పుడు హాల్లో పిల్లలంతా వాడితోపాటు ఎగిరారు. గుండ్రటి పొట్ట, చిట్టి తోక, మూతి ముందుకు... ఆ బొమ్మ రూపం కుదిరింది. రూపం కుదిరితే సగం తప్పులు మాఫీ. ఆ తర్వాత వచ్చిన కార్టూన్ దేవుళ్లలో చాలామందికి జిమ్‌కు వెళ్లొచ్చినట్టు పొట్ట మీద ఆరు పలకలు దిగాయి. బలం కండలో ఉండదు, నిలబడే తీరులో ఉంటుందని మన గుళ్ల శిల్పులకు ఎప్పుడో తెలుసు. కొండల్ని మోసినవాడికి ఆ పలకలతో పనేముంది?

దీన్ని పోల్చి చూడాలంటే ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ చూడాలి. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్‌మోహన్ కలిసి 1990ల మొదట్లో పూర్తిచేసిన సినిమా అది. దాదాపు 450 మంది కళాకారులు, లక్షకు చేరువగా చేతిబొమ్మలు. అప్పట్లో మన దగ్గర దాన్ని చూసినవాళ్లు తక్కువ. టీవీలో వచ్చినప్పుడు చూసి మనసు పారేసుకున్నవాళ్లు ఎక్కువ. 2025 జనవరి 24న కొత్త మెరుగులతో తెలుగులోనూ థియేటర్లకొచ్చింది. కుంభకర్ణుడు లేచి నడుస్తుంటే అతని అడుగు నెమ్మదిగా పడుతుంది. ఎందుకంటే అంత పెద్ద ఒళ్లు అలాగే కదులుతుంది. ఆ నెమ్మదితోనే అతనెంత పెద్దవాడో చెప్పారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ఆకాశాల రంగులు వెలవలేదు.

అదే ఏడాది జులై 25న అశ్విన్ కుమార్ ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. మనదేశపు యానిమేషన్ సినిమాల్లో వసూళ్లలో దానిదే మొదటి స్థానం. థియేటర్ బయట చెప్పులు విడిచి లోపలికెళ్లినవాళ్లూ ఉన్నారు. అభిమాని కూడా దండం పెడతాడు. పెట్టి, ఆ తర్వాత లెక్క తీస్తాడు. స్తంభం పగిలిన దగ్గర్నుంచి వెలుగూ నీడా, జూలు విదిలింపు, గోళ్లు... అదరహో! కానీ అంతకుముందు మనుషులు మాట్లాడుకునే చోట ముఖాలు మైనపు బొమ్మల్లా బిగుసుకుపోయి ఉంటాయి. కోపాన్ని గీయడం తేలికే, శాంతాన్ని గీయడమే కష్టం. ధర్మపురిలో ఉగ్ర నరసింహుడూ ఉన్నాడు, యోగ నరసింహుడూ ఉన్నాడు. రెండూ ఒక్క దేవుడి ముఖాలే అనిపించాలి. యానిమేషన్ చేసేవాళ్లకు ఇంతకన్నా గట్టి పరీక్ష ఉండదు.

ఢోలక్‌పూర్ హైదరాబాద్‌లోనే!

చోటా భీమ్ ఉత్తరాది నుంచి వచ్చాడనుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. లడ్డూలు తినే ఆ బుడతడిది పక్కా హైదరాబాదీ జన్మ. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అతణ్ని 2008లో పోగో చానెల్‌కు ఇచ్చింది. విదేశీ కార్టూన్లకు ఇక్కడి స్టూడియోలు చాలాకాలంగా పనిచేసిపెడుతున్నా, మనదైన ఒక పాత్ర దేశమంతా పాకడం అదో పండగ. భీమ్ రూపకల్పనకు నూటికి తొంభై మార్కులెయ్యాలి. నారింజరంగు ధోవతి, ఒత్తయిన ముఖం. నల్లటి నీడగా చూపించినా గుర్తుపడతాం. కదలికకే మార్కులు తగ్గుతాయి. మాట్లాడేటప్పుడు పెదవులు తప్ప ఏదీ కదలదు. ఊరంతా ఒకేలా నడుస్తుంది. వారం వారం ఎపిసోడ్లు తోలాలంటే ఇంతేనంటారు. హన్నా, బార్బెరాలదీ అదే కష్టం కదా, కానీ వాళ్లు దాన్ని దాచే కిటుకు కనిపెట్టారు.

అయితే అదే సంస్థ 2019లో నెట్‌ఫ్లిక్స్ కోసం చేసిన ‘మైటీ లిటిల్ భీమ్’ చూస్తే ఈ ఫిర్యాదు సగం తీరిపోతుంది. పాకే వయసు భీముడు. దాదాపు మాటల్లేవు. నవ్వూ ఏడుపూ ఆశా అన్నీ ఒళ్లే చెప్పాలి. చెప్పింది కూడా. భాష అడ్డురాలేదు కాబట్టే అది దేశాలు దాటింది.

తెలుగులో పూర్తిస్థాయి కార్టూన్ సినిమా అంటే చాలామంది తెల్లమొహం వేస్తారు. బి.సత్య దర్శకత్వంలో 2006లో ‘కిట్టు’ అనే కోతిపిల్ల కథ వచ్చింది. ఆ ఏటి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డూ గెలిచింది! 2008లో సింగీతం శ్రీనివాసరావు ‘ఘటోత్కచ్’ తీశారు. ‘మాయాబజార్’ను ఆరాధించే జాతికి ఘటోత్కచుడి కార్టూన్ పండగలా ఉండాల్సింది. ఎందుకో పిల్లల నోళ్లలో భీముడే మిగిలాడు, అతని కొడుకు మిగల్లేదు.

వైకుంఠం గీత ఎక్కడ?

రాజన్న సిరిసిల్ల జిల్లా బూరుగుపల్లి. చిత్రకారుడు తోట వైకుంఠం 1942లో పుట్టిన ఊరు. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ఏం గీశారు? చిన్నప్పుడు చూసిన తెలంగాణ పల్లె మనుషుల్ని. నల్లటి ఒళ్లు, రూపాయి బిళ్లంత బొట్టు, నిండైన ఎరుపూ పసుపూ చీర, భుజాన రామచిలుక. ఆ ఆడమనిషిని దూరం నుంచి నీడలా చూసినా వైకుంఠం బొమ్మేనని చెప్పేయొచ్చు. కార్టూన్ పాత్రకు కావాల్సింది సరిగ్గా అదే కదా! 1988 నాటి ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడిగా ఆయనకు జాతీయ అవార్డు దక్కింది. అంటే తెరకూ ఆ కన్నుకూ చుట్టరికం పాతదే. కానీ పిల్లల చానెళ్లలో రోజూ వచ్చే కార్టూన్లలో ఆ రంగు మనిషి కనిపించదు. తెలుగు మాట్లాడే పాత్రలన్నీ గులాబీ బుగ్గలతో తెల్లగానే ఉంటాయి. బీడీలు చుట్టే అమ్మ పోలిక వాళ్లలో ఒక్కరికీ ఉండదు. అభిమానికి నిజంగా కడుపుమండేది ఇక్కడే.

దారి చూపే బొమ్మలు దగ్గర్లోనే ఉన్నాయి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ కళాకారులు గీసే పటం గజాల కొద్దీ సాగే బట్ట. గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథను గడులు గడులుగా గీస్తారు. కాకిపడగల, మందహెచ్చుల కథకులు ఆ పటాన్ని వేలాడదీసి ఒక్కో గడీ చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవారు. దేవుడికి నీలం, దేవతకు పసుపు, రాక్షసుడికి ముదురు రంగు. ఎంత వెనక కూర్చున్నవాడికైనా ఎవరెవరో తెలియాలి మరి! ఇప్పుడు స్టూడియోల్లో ‘కలర్ స్క్రిప్ట్’ అని గొప్పగా చెప్పుకునేది దీనికి దగ్గరి బంధువే.

సిరిసిల్ల మగ్గాన్నీ మరిచిపోకూడదు. జాకార్డ్ మీద పువ్వు నేయాలంటే ముందు గళ్ల కాగితం మీద గీసుకోవాలి. ఒక్కో గడికీ ఒక్కో పోగు లెక్క. ఆ లెక్కతో అట్టలకు చిల్లులు కొడతారు. గుండ్రం అనుకున్నది మెట్లు మెట్లుగా వస్తే నేతగాడి కన్ను వెంటనే పడుతుంది. కంప్యూటర్ తెర మీద బొమ్మ ఉండేదీ గళ్లలోనే. సిరిసిల్ల నేతన్న వెల్ది హరిప్రసాద్ మగ్గం మీద జీ-20 చిహ్నాన్ని నేస్తే 2022 నవంబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. అలాంటి కళ్లున్న ఇళ్లలోని పిల్లలు కార్టూన్‌లో వంకర గీతను పట్టేస్తే ఆశ్చర్యమేముంది! జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ కూడా కవితల కంటే ముందు బొమ్మలతోనే మొదలెట్టారు. ఊళ్లో ‘పూర్ణిమ’ పేరుతో ఫొటో స్టూడియో పెట్టుకున్నారు. తక్కువ మాటల్లో, తక్కువ గీతల్లో ఎక్కువ చెప్పడమనే విద్య ఈ నేలకు కొత్త కాదు.

ఇక చప్పుడు. కార్టూన్‌లో సగం ప్రాణం దానిదే. సిరిసిల్ల జిల్లా హనుమాజీపేటకు చెందిన ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములు ఆట చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. అడుగుకో డోలు దెబ్బ, విరుపుకో తాళం. టామ్ పిల్లికి స్కాట్ బ్రాడ్లీ సంగీతం కూర్చింది కూడా ఆ పద్ధతిలోనే, అడుగుకో స్వరం చొప్పున! డబ్బింగ్ కార్టూన్ల తెలుగు మాత్రం ఏ ఊరిదీ కాని తెలుగు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పుట్టిన ‘మై విలేజ్ షో’ ఇక్కడి యాసనే మూలధనం చేసుకుని ఇంటింటి ఫోన్లలోకి చేరింది. గంగవ్వ 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లొచ్చింది. యాసకు గిరాకీ ఉందని అలా తేలింది. గీత వంతే మిగిలింది.

మీట నొక్కితే ‘జిబ్లీ’

2025 మార్చిలో ఒక వింత జరిగింది. పెళ్లిఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు, రేషన్‌కార్డు కోసం దిగిన ఫొటోలు కూడా రాత్రికి రాత్రి ‘జిబ్లీ’ బొమ్మలైపోయాయి. కృత్రిమ మేధకు ఫొటో ఇస్తే జపాన్ స్టూడియో జిబ్లీ తరహాలో మార్చి ఇచ్చేది. దుబాయిలో ఉన్న బాపూ, కోరుట్లలో ఉన్న బిడ్డా ఒకే బొమ్మలో పక్కపక్కన నిలబడ్డారు. ఆ మురిపెం అబద్ధమని ఎవరనగలరు?

అభిమాని బాధ వేరు. జిబ్లీ అంటే పెద్దకళ్లూ పచ్చటి కొండలూ కాదు. హయావో మియజాకి తీసిన 2001 నాటి ‘స్పిరిటెడ్ అవే’లో ఒక పిల్ల నీళ్ల మీద వెళ్లే రైల్లో కూర్చుని ఉంటుంది. చాలాసేపు ఏమీ జరగదు. కిటికీ బయట పొద్దు వాలుతుంది, అంతే. ఆ ‘ఏమీ జరగకపోవడా’న్ని బొమ్మ బొమ్మగా చేత్తో గీశారు. 2016లో ఓ డాక్యుమెంటరీలో కంప్యూటర్ తనంతట తాను నేర్చుకుని కదిలించిన ఒక వికార రూపాన్ని చూపిస్తే ఆయన మండిపడ్డారు. నొప్పి అంటే ఏమిటో తెలియకుండా చేసిన పని అని ఆయన అభ్యంతరం. మన దగ్గరా ఇది దూరపు ముచ్చట కాదు. ఇవాళ జిబ్లీని అడిగినట్టే రేపు ‘వైకుంఠం బొమ్మలా’ అనో, ‘చేర్యాల పటంలా’ అనో అడిగేవాళ్లుంటారు. యంత్రం ఇచ్చేస్తుంది. బొట్టు వస్తుంది, చిలుకా వస్తుంది. తల మీద బిందె పెట్టుకున్న మనిషి మెడ ఏ వైపు ఎంత వంగుతుందో మాత్రం ఆ బరువు మోసినవాళ్లనో, మోస్తుంటే చూసినవాళ్లనో అడగాలి.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సిన పేరు గీతాంజలి రావు. ఒంటరి ముసలావిడ, ఆమె పిల్లి కలిసి అగ్గిపెట్టెల మీది బొమ్మల్లోకి వెళ్లిపోయే ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ ఆమె కుంచె నుంచి వచ్చిన లఘుచిత్రం. 2006లో కాన్స్ క్రిటిక్స్ వీక్‌లో మూడు అవార్డులు గెలుచుకుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్లకు అగ్గిపెట్టెలో లోకం చూపించిన సినిమా నచ్చకుండా ఉంటుందా!

మీ ఇంట్లోనూ గోడల మీదా, పుస్తకాల అంచుల మీదా గీకే గడుగ్గాయి ఉంటే ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. పాత నోటుపుస్తకం తీసుకుని కుడిచేతి మూలన, చివరి పేజీ నుంచి వెనక్కి 24 పేజీల్లో ఒకే బంతిని కొద్దికొద్దిగా జరుపుతూ గీయమనండి. నేలకు తగిలే పేజీలో బంతిని కొంచెం అణచాలి. లేచే పేజీలో కొంచెం సాగదీయాలి. శిఖరానికి చేరేచోట బొమ్మలు దగ్గరదగ్గరగా, పడేచోట దూరదూరంగా ఉండాలి. గీశాక మూలను బొటనవేలితో పట్టి వదలమనండి. మొదటిసారి బంతి తూలుతుంది. ఏ పేజీలో తేడా వచ్చిందో వాళ్లే వెతుక్కుంటారు.